ఝాన్సీ కట్టిన ఉమ్మడి గది

ఝాన్సీ మీద వచ్చిన ఫిర్యాదు ఒక్క పేజీ. దానికి జతచేసిన ప్రోగ్రాముల అచ్చు ప్రతులు మాత్రం మూడు వందల పేజీలు దాటాయి. విచారణ సంఘంలో నన్ను బయటి సభ్యుడిగా వేశారు కనుక రెండూ చదివాను. చదవడం పూర్తయ్యేసరికి ఆమె తప్పు చేసిందన్న అభిప్రాయమే నాకు కలిగింది. ఆ సంగతి ముందే ఒప్పుకోవడం న్యాయం.

శ్రీకాకుళానికీ ఎచ్చెర్లకూ నడుమ ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాల అది. పేరుతో ఇక్కడ పని లేదు. ఝాన్సీ అక్కడి కంప్యూటర్ ల్యాబ్‌లో తొమ్మిదేళ్లుగా ప్రోగ్రామర్. అధ్యాపకురాలు కాదు. యంత్రాలు నడిచేలా చూడటం, ప్రోగ్రాం రాస్తూ చిక్కుకుపోయిన విద్యార్థికి దారి చూపడం ఆమె విధులు. కళాశాల వార్షిక పుస్తకంలో ఆమె పేరు సహాయక సిబ్బంది జాబితాలో, ఎలక్ట్రీషియన్ పేరు కింద ఉంటుంది.

ఆమె సొంతంగా తయారుచేసిన ఒక ఉమ్మడి గది ఉంది. గోడలున్న గది కాదు. కంప్యూటర్ తెర మీద మాత్రమే కనిపించే గది. మూడో సంవత్సరం రెండు సెక్షన్లలో ఒకదాని నుంచి ఇష్టపడి చేరిన విద్యార్థులు ఇరవై నలుగురు ఆ గదిలో కలిసి పనిచేసి, చివర ఎవరి ప్రాజెక్టు వారు సమర్పించారు. ఆ ఇరవై నాలుగు ప్రోగ్రాముల్లో పెద్దపెద్ద భాగాలు ఒకేలా ఉన్నాయి. కొన్ని పొరపాట్లు కూడా ఒకేచోట ఉన్నాయి. విభాగాధిపతి ఉదయభాస్కర్ దీన్ని మూకుమ్మడి కాపీ అన్నారు. ఆయన అనుమానం ఊరికే పుట్టింది కాదు. అంతకు రెండేళ్ల ముందు, డబ్బిచ్చి ప్రాజెక్టులు రాయించుకున్న ఒక ముఠాను ఆయనే పట్టుకున్నారు.

ఇరవై నలుగురి ఫలితాలు నిలిపివేశారు. గదిలో ఎవరు ఏ పంక్తి రాశారో తెలిపే రికార్డును ఝాన్సీ అప్పగిస్తే దోషులను వేరుచేస్తామన్నారు. అప్పగించకపోతే అందరూ ఆ సబ్జెక్టులో తప్పినట్టే, ఆమె ఉద్యోగమూ పోయినట్టే.

మొదటి రోజు ప్రిన్సిపాల్ నరసింగరావు గదిలో కూర్చున్నాం. నరసింగరావు, ఉదయభాస్కర్, నేను ఒకవైపు. ఎదురుగా ఝాన్సీ. ముప్పై నాలుగేళ్ల మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటుంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"రికార్డు ఉందా, లేదా?" ఉదయభాస్కర్ అడిగారు.

"ఉన్నాది సార్."

"అయితే ఇవ్వండి."

"ఇవ్వను సార్."

నరసింగరావు కళ్లజోడు తీశారు. "ఏటమ్మా ఝాన్సీ, ఇంటికాడ మాటాడినట్టు మాటాడుతన్నావు. ఇది ఎంక్వయిరీ."

"ఎంక్వయిరీ అనే ఉన్నాదని చెప్పాను సార్. లేదని చెప్తే మీరు నమ్మేద్దురు."

ఆ మాట నాకు నచ్చలేదు. కానీ అది నిజం. ఆ రికార్డు నిజంగా ఉందో లేదో, ఉంటే ఎక్కడుందో, ఆమె చెబితే తప్ప ఆ కళాశాలలో ఎవరూ కనిపెట్టలేరు.

"ఎందుకు ఇవ్వవు?" నేను అడిగాను.

"అది గది పాడైతే బాగుచేసుకోడానికి పెట్టింది సార్. ఇంకెందుకూ వాడనని పిల్లలకి మాటిచ్చాను. మీరు దాన్ని చూస్తే, జనవరిలో ఎవరికి లూపు రాయడం రాలేదో తెలుస్తాది. ఇప్పుడు జులై. అప్పుడు రానోళ్లకి ఇప్పుడు వచ్చుండొచ్చు కదా? రికార్డు నిన్నటిది. మీకు కావలసింది ఈరోజుది. పిల్లల్ని ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి, ఆళ్ల ప్రోగ్రామే చెడగొట్టి చేతికివ్వండి. బాగుచేసినోడికి వచ్చినట్టు."

"పరీక్ష ఎలా పెట్టాలో మాకు ల్యాబ్ అమ్మాయి చెప్తోంది," అన్నారు ఉదయభాస్కర్.

"చెప్పేవోళ్లు లేకే కదా సార్, మూడొందల పేజీలు అచ్చేయించారు."

నేను వారం గడువు అడిగాను. ఆ వారంలో ఆ గది పుట్టుక తెలుసుకున్నాను.

ఝాన్సీది నరసన్నపేట దగ్గర పల్లె. తండ్రికి ఎకరన్నర వరి పొలం. తల్లి దాలమ్మ ఉభాల కాలంలో, అంటే వరినాట్ల రోజుల్లో, పద్నాలుగు మంది ఆడవాళ్ల గుంపుకు పెద్ద. ఝాన్సీ శ్రీకాకుళంలో డిప్లొమా చదివి, ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరి పూర్తిచేసింది. కరోనా వచ్చి కళాశాల మూతపడినప్పుడు విద్యార్థులు ఇళ్లకు పోయారు. పాఠాలు వీడియోలో సాగాయి. సిగ్నల్ సరిగా అందని ఊళ్లలో బొమ్మ ఆగిపోయేది, మాట తెగిపోయేది. పిల్లలు ఫోన్ చేసుకొని ప్రోగ్రాములు ఒకరికొకరు చదివి వినిపించుకునేవారు. బ్రాకెట్టు, సెమీకోలను అంటూ గంటలకొద్దీ. ఝాన్సీ ఆ ఫోన్లు విన్నది.

ఒకరి తెర అందరికీ చూపించే పద్ధతి మొదట ప్రయత్నించింది. అందులో ఒకరు రాస్తారు, మిగిలినవారు చూస్తారు. చూస్తూ కూర్చున్నవారికి ఏమీ రాలేదు. అప్పుడామె ఉచితంగా దొరికే ఒక ప్రోగ్రామింగ్ సాధనాన్ని ఎంచుకుంది. దాని ప్రత్యేకత ఏమంటే, ప్రోగ్రాం రాసే కిటికీ, మీటలు, బొమ్మలు అన్నిటినీ లోపలి నుంచే విప్పి మార్చుకోవచ్చు. దాని లోపలే గది కట్టింది. గదిలో ప్రతి విద్యార్థికీ తన రంగు గల ఒక పలక ఉంటుంది. ప్రోగ్రాం ఆ పలక మీద రాస్తారు, అక్కడే నడిపి చూస్తారు. పక్కవాడి పలక దగ్గరకు వెళ్లవచ్చు, పిలిస్తే దాని మీద రాయనూవచ్చు.

బొమ్మను పంపడం మానేయడం ఆమె చేసిన తెలివైన పని. గది మొత్తం ప్రతి కంప్యూటర్లోనూ నడుస్తుంది. ఎవరైనా ఒక మీట నొక్కితే, ‘ఫలానావారు ఫలానా మీట నొక్కారు’ అన్న చిన్న కబురు మాత్రమే వెళుతుంది. కళాశాలలోని ఒక యంత్రం ఆ కబుర్లకు వరస సంఖ్య వేసి అందరికీ పంచుతుంది. అందరూ అదే వరసలో అదే పని చేస్తారు గనుక అన్ని గదులూ ఒకేలా ఉంటాయి. కబురు చిన్నది కాబట్టి బలహీనమైన సిగ్నల్ మీద కూడా పోతుంది.

మొదటి నెలలో అది పనిచేయలేదు. అనూరాధ అనే విద్యార్థిని ఫోన్ చేసి, "అక్కా, నా పలక ఎవులికీ కనిపించట్లేదంట, నాకు మాత్రం కనిపిస్తంది" అంది. ఝాన్సీకి కారణం దొరకడానికి రెండు వారాలు పట్టింది. అనూరాధ ఇంట్లో పాత కంప్యూటర్‌కు లోపలి బ్యాటరీ పోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాని గడియారం ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లేది. గదిలోని ఒక చిన్న భాగం యంత్రం గడియారాన్ని చూసి నిర్ణయం తీసుకుంటోంది. దానివల్ల ఒకే గదిలో ఉన్నామనుకున్నవారు రెండు వేర్వేరు గదుల్లో పడ్డారు. ఝాన్సీ ఆ భాగం తీసేసి, గదిలో కబుర్ల వరసే కాలమని నియమం పెట్టింది. ఆమె చూపించిన మార్పు పదకొండు పంక్తులు. అంత శుభ్రమైన దిద్దుబాటు నేను ఎక్కువసార్లు చూడలేదు.

చిక్కు వచ్చింది అక్కడ కాదు, సాయం దగ్గర. ఒక విద్యార్థికి పని సాగకపోతే చేయి ఎత్తే గుర్తు పెడతాడు. పక్కవారు వచ్చి అతని పలక మీద నాలుగు పంక్తులు రాసి వెళ్లిపోతారు. ఆ పంక్తులు రాసినవారి రంగులో కాక పలక యజమాని రంగులోకి మారిపోతాయి. ఎవరు సాయం చేశారో, ఎవరు చేయించుకున్నారో ఎవరికీ కనిపించదు. ఇది పొరపాటున జరిగింది కాదు, కావాలని అలా రాసింది.

"ఇదెక్కడి పద్ధతి?" అని అడిగాను.

"మా అమ్మోళ్ల పద్ధతి సార్. ఉభాల్లో సూడండి," అంది.

చూడటానికి వెళ్లాను. వినికిడితో తీర్పు చెప్పడం నాకు అలవాటు లేదు.

నేను వెళ్లేసరికి దాలమ్మ గుంపు మడిలో ఉంది. పద్నాలుగు మంది వంగి, ఎవరి పట్టెలో వారు నాటుతూ వెనక్కి నడుస్తున్నారు. గట్టు మీద నిలబడి చూశాను. చివరి పట్టెలో ఒకామె నెమ్మదించింది. ఆమెకు అటూ ఇటూ ఉన్న ఇద్దరూ తల ఎత్తకుండానే తమ చేతులు కొంచెం చాచి ఆమె పట్టెలో సగం నాటేశారు. కాసేపటికి వరస మళ్లీ సరిగ్గా కలిసింది.

"ఏటి బాబూ, గట్టు మీద నిలబడిపోనారు? ఎవులి తాలూకు?" దాలమ్మ కేకేసింది.

"ఝాన్సీ పనిచేసే కాలేజీ నుంచి వచ్చానమ్మా. విచారణ సంఘంలో ఉన్నాను."

"ఒలే మరిడీ, మన ఝాన్సీ గుంట మీద కేసు రాసినోళ్లలో ఒకరంట, సూడు."

చివరి పట్టెలో ఉన్న మరిడమ్మ నడుం ఎత్తింది. "పెద్దాయనే అప్పా, ఏటీ అనీకు. గట్టు జారి బురదలో పడితే మనమే మొయ్యాల."

అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక అడిగాను. "ఇందాక ఈ చివర ఒకరు వెనకబడ్డారు. పక్కవాళ్లు ఆమె పట్టె నాటారు. ఎవరామె?"

"ఎనకబడ్డారా? ఎవులూ ఎనకబళ్లేదే. మరిడీ, నువ్వేటి ఎనకబడ్డావేటి?"

"నానా? నాను ముందే ఉన్నాను."

"నా కళ్లతో చూశానమ్మా."

"సూసినోరు సూసినట్టే ఉండండి బాబూ," అంది దాలమ్మ. "మడి నిండిందా నేదా అది సూడండి. రైతుకి మడి కావాల. మడిసి నడుం నొప్పి ఆయనకెందుకు?"

"మరి రోజూ ఒకరే వెనకబడితే?"

దాలమ్మ చేతిలోని ఆకుకట్ట, అంటే నారుకట్ట, కింద పెట్టింది. ఈసారి నవ్వలేదు. "అది మాకు తెలుస్తాది. రెండ్రోజులు సూస్తాం. మూడోనాడు పక్కన నిలబెట్టుకోని సెయ్యి ఎలగ తిప్పాలో నేర్పుతాం. అప్పటికీ రాకపోతే ఆకు తీతకి పంపుతాం. రైతుకి సెప్పం గాని, మాకు తెలీకుండా ఎలగుంటాది బాబూ?"

నా సందేహం తీరింది. కానీ ఝాన్సీ అనుకున్నట్టుగా తీరలేదు.

మర్నాడు ల్యాబ్‌కు వెళ్లి ఆమెతో ఒంటరిగా మాట్లాడాను. "మీ అమ్మ గుంపులో సాయం బయటివాళ్లకు మాత్రమే కనపడదు. లోపలివాళ్లందరికీ కనపడుతుంది. అందుకే వెనకబడిన మనిషికి నేర్పగలుగుతున్నారు. నీ గదిలో లోపలివాళ్లకైనా తెలుస్తుందా?"

"తెలీదు సార్. ఒకసారి సాయం చేసినోడికి ఆ ఒక్కసారే తెలుస్తాది. అదే మనిషి పదిసార్లు పదిమంది చేత రాయించుకుంటే ఎవరికీ తెలీదు."

"ఆ విధంగా నెట్టుకొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లకు నీ మంచితనమే అపకారం."

"దాపరికం బయటోళ్లకని పెట్టాను. లోపలోళ్లకి కూడా పడిపోయింది. అది నా తప్పే. రాసుకోండి."

"రాసుకుంటే నీకు వ్యతిరేకంగా పడుతుంది."

"పడనీండి సార్. తప్పుని తప్పని రాయండి. కాపీ అని మాత్రం రాయకండి. కాపీ అంటే రానిదాన్ని వచ్చినట్టు సూపించడం. ఆ పిల్లలకి వచ్చో రాదో మీరు ఇంకా అడగనే లేదు."

రెండోసారి సంఘం కూర్చున్నప్పుడు ఆమె చెప్పిన పరీక్షనే నేను ప్రతిపాదించాను. నరసింగరావు ఒప్పుకున్నారు. అప్పుడామె ఇంకో మాట అంది.

"గదిలో లేని సెక్షనుకి కూడా పెట్టండి."

ఉదయభాస్కర్ ముఖం ఎర్రబడింది. "నా సెక్షన్ మీద ఫిర్యాదే లేదు. వాళ్లు ముప్పై ఒక్కమందీ ఎవరిది వారు రాసుకున్నారు."

"రాసుకుంటే భయమేటి సార్? నా పిల్లలకొక్కలకే పెడితే, ఐదుగురో ఆరుగురో తప్పుతారు. చూడండి కాపీ అంటారు. మామూలుగా ఎంతమంది తప్పుతారో తెలీకుండా ఆ ఐదుకి అర్థమేటి?"

ముప్పై ఏళ్లు గణాంకశాస్త్రం చెప్పినవాణ్ణి. పోల్చి చూడటానికి రెండో గుంపు కావాలన్న మాట నేను అడగవలసింది. నిందితురాలు అడిగింది.

పరీక్ష ఆగస్టులో జరిగింది. ప్రతి విద్యార్థి ప్రోగ్రాంలోనూ వేరే కళాశాల అధ్యాపకులు ఇద్దరు మూడేసి దోషాలు పెట్టారు. ఏ విద్యార్థి ఏ సెక్షనో వారికి చెప్పలేదు. నెట్‌వర్క్ తీసేసిన యంత్రం ముందు గంటసేపు ఒంటరిగా కూర్చుని, కనీసం రెండు దోషాలు సరిచేసి, ఎందుకు సరిచేశారో నోటితో చెప్పాలి. గదిలో పనిచేసిన ఇరవై నలుగురిలో పంతొమ్మిది మంది నెగ్గారు. బయటి ముప్పై ఒక్కమందిలో పద్నాలుగు మంది నెగ్గారు.

దీన్నిబట్టి గది గొప్పదని నేను నివేదికలో రాయలేదు. గదిలో చేరినవారు తమంతట తాము చేరారు. వారికి మొదటి నుంచీ ఆసక్తి ఎక్కువై ఉండవచ్చు. సంఖ్యలు చిన్నవి. కానీ మూకుమ్మడి కాపీ అన్న ఆరోపణ నిలబడదని మాత్రం ఈ లెక్క స్పష్టంగా చెప్పింది. నెగ్గని ఐదుగురికి ఝాన్సీ నియమం వల్ల నష్టం జరిగిందనీ, ఒక సెమిస్టరంతా వారి వెనకబాటును ఎవరూ గుర్తించలేకపోయారనీ రాశాను. నెగ్గినవారి ఫలితాలు వెంటనే ఇవ్వాలనీ, ఐదుగురితోపాటు బయటి సెక్షన్లో నెగ్గని పదిహేడు మందికి కూడా నెల తరవాత మళ్లీ పరీక్ష పెట్టాలనీ సిఫారసు చేశాను.

నరసింగరావు నివేదిక రెండుసార్లు చదివారు. విద్యార్థుల విషయంలో ఉన్నదున్నట్టు ఒప్పుకున్నారు. ఫలితాలు ఆ వారమే వచ్చాయి. రికార్డు విషయంలో మాత్రం ఒప్పుకోలేదు. సంస్థలో ఒక ఉద్యోగి సంస్థకు ‘ఇవ్వను’ అన్న మాట నిలిస్తే రేపు ఎవరు మాట వింటారన్నది ఆయన వాదం. అందులో కొంత న్యాయం ఉందని నేను ఇప్పటికీ అనుకుంటాను. సంఘం ఇద్దరికి ఒకరుగా చీలింది. నా భిన్నాభిప్రాయం దస్త్రంలో ఉంది. సోమవారం సాయంత్రం ఐదు గంటలలోగా రికార్డు అప్పగించాలనీ, లేకపోతే ఉద్యోగం ముగుస్తుందనీ ఆమెకు ఉత్తరం ఇచ్చారు.

సోమవారం ఝాన్సీ ఎప్పటిలాగే తొమ్మిదికి వచ్చింది. రెండు ల్యాబ్‌లు నడిపింది. పాడైన కీబోర్డులు నాలుగు మార్చింది. ఐదింటికి పది నిమిషాల ముందు ల్యాబ్ తాళాలు తెచ్చి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టింది.

"తాళాలు ముట్టినట్టు సంతకం పెట్టండి సార్."

"రికార్డేదమ్మా?" నరసింగరావు గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువగా ఉంది. "ఇచ్చీసి ఉండిపోవచ్చు కదా. పిల్లలు గట్టెక్కేసేరు. ఇంకెవులికోసం ఈ మొండితనం?"

"గట్టెక్కినోళ్ల కోసమే సార్. ఆళ్లు జనవరిలో ఎలగున్నారో రేపు ఉద్యోగమిచ్చేవోడు అడిగితే, మీ దగ్గరుంటే మీరు సూపిస్తారు. నా దగ్గరుంటే నేను సూపించను."

"మేం ఎందుకు సూపిస్తాం?"

"నన్ను తీసేస్తాననైతే ఉత్తరం రాసిచ్చారు సార్. సూపించనని రాసివ్వలేదు."

ఆయన సంతకం పెట్టారు, తాళాలకు మాత్రమే. ఆమె ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకొని బస్సెక్కింది.

ఇప్పుడు గజపతినగరంలో ఒక బంధువు ఇంటి మేడ మీద ఎనిమిది కంప్యూటర్లతో శిక్షణ కేంద్రం నడుపుతోంది. మళ్లీ పరీక్ష రాయవలసిన ఇరవై రెండు మందిలో పదహారు మంది ఆ నెల ఆమె కొత్తగా నిలబెట్టిన గదిలో చదువుకున్నారు. ఉదయభాస్కర్ సెక్షన్ వారు అందులో పదకొండు మంది. పరీక్షలో ఇద్దరు తప్ప అందరూ నెగ్గారు. ఆ ఇద్దరిలో ఒకరు కొత్త గదిలో చదివినవారే. కొత్త గదిలో సాయం చేసినవారి రంగు లోపలివారికి కనిపిస్తుంది. ఒకే పలక మీద పరాయి రంగులు ఎక్కువైతే, మూడోరోజు ఎవరో ఒకరు ఆ పలక పక్కన కూర్చుని నేర్పాలి. రికార్డు సెమిస్టర్ చివర చెరిగిపోతుంది. ఈ నియమాలు తెర మీద కనిపించే గది తలుపు మీదే రాసి ఉంటాయి.

డిసెంబరులో నేను అక్కడ ఉండగానే కళాశాల నుంచి ఫోన్ వచ్చింది. ఝాన్సీ స్పీకర్లో పెట్టింది. కొత్త సంవత్సరంలో తనిఖీ బృందం రానుంది. కొత్త బోధనా పద్ధతులు ఏమున్నాయో వారు అడుగుతారు.

"ఝాన్సీ గారూ," అన్నారు ఉదయభాస్కర్. గారు అన్న మాట ఆయన నోట ఆమెకు మొదటిసారి వినిపించిందని తరవాత చెప్పింది. "ఆ గదిని మన విభాగంలో మళ్లీ పెట్టాలనుకుంటున్నాం."

"ఇస్తాను సార్. నాలుగు మాటలు రాసి పంపుతాను. కాలేజీ తరపున సంతకం పెట్టండి."

"ఏమిటవి?"

"లోపల ఎవరు ఎవరికి సాయం చేశారో కాలేజీ అడగదు. మార్కులెయ్యాలంటే పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతాది. అంతే."

"ప్రిన్సిపాల్ గారు దానికి ఒప్పుకోరమ్మా."

"అయితే తనిఖీకొచ్చినోళ్లకి కొత్త బెంచీలు సూపించండి సార్."

ఆ మధ్యాహ్నమే ఆమె కాగితం రాసింది. ఒకసారి చదివి చూడమని నాకిచ్చింది. నేను ఒక వాక్యంలో మాత్రం, ‘అడగదు’ అన్నచోట ‘అవసరమైతే తప్ప అడగదు’ అని, మార్పు సూచించాను. ఒప్పుకోలేదు. ఆ కాగితం వెళ్లి నెల దాటింది. సంతకం రాలేదు. ఆమె గుర్తు చేయలేదు.